మాటలుడిగిన ఇండ్లు



కథను గురించిన ప్రసంగమనగానే వినువారు గురజాడను, శ్రీపాదను, చలమును ఎదురుచూచుట సహజము. నేటి విషయము అంతకంటె దూరమునుండి వచ్చినది. పరదేశమున కలిసికొన్న ఒక చైనా తండ్రీకూతుళ్ళ కథతో ఇది ప్రారంభమగును. ముగియుట మాత్రము ఈ దీవులలోనే, అబర్డీను బజారుకు కూతవేటు దూరముననే.

చైనీయుల పేరు ఈ దీవులకు కొత్తది కాదు. 7వ శతాబ్దమున భారతదేశమునకు ఓడలో వచ్చిన ఇత్సింగు అను యాత్రికుడు, దారిలో కొబ్బరికాయలును అరటిపండ్లును చిన్నపడవలలో తెచ్చి వానికి మారుగా ఇనుము కోరిన ద్వీపవాసులను గూర్చి వ్రాసెను. ఆ దీవులు నికోబారులని పండితుల తలంపు. పిదప ఎంతో కాలము చైనా జంకు ఓడలు కొబ్బరికై నికోబారునకు వచ్చుచుండెడివి. కాని నేటి కథలోని చైనీయులు కొబ్బరికై వచ్చినవారు కారు. తమ దేశపు ప్రభుత్వమును తమకే తెలియకుండ బట్టల మూటలో పెట్టుకొని సముద్రము దాటినవారు.

యీయున్ లీ అను రచయిత్రి 1972లో బీజింగులో జన్మించెను. రోగనిరోధక శాస్త్రము చదువుటకు 1996లో అమెరికాలోని అయోవాకు వెళ్ళి, ఆ చదువు విడిచి కథారచనకు పూనుకొనెను, అదియును ఇంగ్లీషులో. ఆమె మొదటి కథాసంపుటి 2005లో వెలువడినది. దాని పేరును తెలుగున ‘వేయి సంవత్సరముల సత్ప్రార్థనలు’ అని చెప్పుకొనవచ్చును. ఫ్రాంక్ ఓకానర్ పేరిట ఏర్పడిన అంతర్జాతీయ కథాబహుమానము మొట్టమొదట, ఆ సంవత్సరముననే, ఈ సంపుటికే లభించినది. పేరునకు మూలము ఒక చైనా సామెత: ఇద్దరు మనుష్యులు ఒకచోట కూడవలెనన్న ఎన్నో వందల ఏండ్ల ప్రార్థనలు ఫలింపవలెనట. తెలుగువారు ఋణానుబంధమనుదురు. లెక్క వేరైనను భావమొక్కటే.

సంపుటికి పేరిచ్చిన కథలో, ఉద్యోగవిరమణ చేసిన షీ అను వృద్ధుడు, భర్తతో విడిపోయిన కుమార్తెను ఓదార్చుటకు చైనానుండి అమెరికాకు వచ్చును. తాను రాకెట్టు శాస్త్రజ్ఞుడనని ఎల్లరకును చెప్పుకొనును. కుమార్తెకు మంచి భోజనము వండిపెట్టును. ఆమె రెండు ముద్దలు తిని లేచిపోవును. తండ్రి ప్రశ్నలడుగును, కుమార్తె ముక్తసరిగా బదులిచ్చును. పగలు ఆయన పార్కునకు పోయి, ఇరాను దేశమునుండి వచ్చిన ఒక వృద్ధురాలితో బెంచిమీద కూర్చుండును. ఆయన చైనా భాషలోను, ఆమె పారసీకములోను మాటలాడుదురు. మధ్య మధ్య ఇద్దరికిని సరిగా రాని ఇంగ్లీషు ముక్కలు. ఒకరి మాట ఒకరికి తెలియదు. అయినను అమెరికాలో ఆ వృద్ధుడు మనసారా మాటలాడినది ఆ బెంచిమీదనే.

ఒకనాడు కుమార్తె టెలిఫోనులో ఎవరితోనో ఇంగ్లీషున గలగల మాటలాడుచు నవ్వుచుండగా తండ్రి వినును. ఆ నవ్వు ఆయన ఎరుగనిది. తన ఇంట పెరిగిన పిల్లకు ఇంత మాటకారితనము ఎక్కడినుండి వచ్చినదని ఆయన ఆశ్చర్యపడగా, ఆమె చెప్పిన సమాధానమే కథకు ప్రాణము. మనసులోని మాట చెప్పుటకు ఎన్నడును వాడని భాషలో పెరిగినవారికి, మరియొక భాష నేర్చి అందులో మాటలాడుట సులభమని ఆమె భావము. పిమ్మట రహస్యము బయటపడును. తండ్రి ఏనాడో ఆ పెద్ద పదవినుండి దింపివేయబడినాడు. కారణము, తోటి ఉద్యోగినియైన ఒక యువతితో స్నేహముగా మాటలాడుట. చేయని తప్పును ఒప్పుకొనుమని పైవారు అడిగిరి, ఆయన ఒప్పుకొనలేదు. తక్కిన జీవితమంతయు చిన్న పనిలో గడిపెను. తన పని ఇంట చెప్పరాదను ప్రభుత్వ నియమమును అడ్డుపెట్టుకొని, భార్యకును బిడ్డకును ఆ సంగతి చెప్పనేలేదు. వారిరువురికిని అది ముందే తెలియును!

రహస్యమను ముద్రగల కాగితములతో పనిచేయు ఉద్యోగులు ఈ సభలో కొందరుండవచ్చును. సాయంకాలము ఇల్లు చేరిన పిమ్మట ఆఫీసు విషయము నోట రాకుండుట వారికి వృత్తిధర్మము. ఆఫీసు కాగితమును దాచుట వేరు, తన ముఖమును తనవారినుండి దాచుట వేరు. షీ విషయమున ఈ రెండింటికిని భేదము చెరిగిపోయినది. కథలో ఎక్కడను సైనికుడు లేడు, జైలు లేదు, తుపాకి లేదు. అన్నముబల్ల దగ్గర ఇద్దరు మనుష్యులు కూర్చున్నారు, అంతే. ఆ ఇద్దరి నడుమ కూర్చున్నది ఒక రాజ్యము.

నిరంకుశత్వమును గూర్చి కథ వ్రాయువారు సాధారణముగా దీనికి విరుద్ధముగా ప్రారంభింతురు. అధికారిని వీధిభాగవతమునందలి హిరణ్యకశిపునివలె మీసము దువ్వుచు, స్తంభమును గుద్దుచు రంగమునకు దింపుదురు. హిరణ్యకశిపుడు చూడముచ్చటైన పాత్రయే, సందేహము లేదు. కాని ఆ కథలోను ఒక ఇల్లు గలదు. కొడుకును ఏనుగులచేత త్రొక్కింపబోయిన నాటి రాత్రి తల్లి లీలావతి ఏమి వండెను, ఎవరికి వడ్డించెను, భర్త ఎదుట ఎట్లు నిలిచెను? భాగవతులు ఆ ఘట్టమును త్వరగా దాటిపోదురు. చిన్న కథ నిలువవలసినది అక్కడనే.

బాధితుడు ఎల్లప్పుడును నిర్మలుడై యుండునని అనుకొనుటయు పొరపాటే. చైనా సైన్యమున పనిచేసి 1985లో అమెరికాకు చదువునకు వెళ్ళి, 1989 నాటి తియానన్మెన్ కాల్పుల పిమ్మట అక్కడనే నిలిచిపోయిన హా జిన్ అను రచయిత 2000లో ప్రకటించిన సంపుటిలో ఒక కథ గలదు. నిష్కారణముగా నిర్బంధింపబడి, తప్పు ఒప్పుకొనినట్లు సంతకము చేసి విడుదలయైన ఒక అధ్యాపకుడు, తనకున్న కామెర్ల రోగము పదిమందికి అంటవలెనని ఊరిలోని పలు భోజనశాలలలో కొంచెము కొంచెము తినుచు తిరుగును. పిదప రోగము ఊరంతయు వ్యాపించును, పసివారును చనిపోవుదురు. చదివినవానికి ఒడలు జలదరించును. యీయున్ లీ కథలోని మెత్తదనము దీనికి లేదు గాని, అన్యాయము పాలైనవాని చేతికి అన్యాయము ఎట్లు అంటుకొనునో ఇంత సూటిగా చెప్పిన కథలు అరుదు. ఈ దీవుల చరిత్ర వైపు తిరుగునపుడు ఈ కథను మరువరాదు.

దీవులకు పోవుటకు ముందు రంగూనులో ఒక క్షణము ఆగవలెను. ఓడదారిన కలకత్తాకంటె రంగూనే ఈ దీవులకు దగ్గర. చైనా కుటుంబమును తెలుగు కుటుంబమును ఒకే వీధిలో, ఒకే భయముతో బ్రదికిన నగరమది. కోరంగి రేవునుండి వచ్చినవారగుటచే తెలుగువారిని అచ్చట కొరంగీలనిరి. 1930లో ఓడరేవు కూలిపని విషయమై జరిగిన అల్లరులలో తెలుగు కూలీలు ఎందరో హతులైరి. 1962 మార్చిలో సైన్యాధిపతి నేవిన్ అధికారమును చేజిక్కించుకొనెను. 1964లో దుకాణములు ప్రభుత్వపరమైనవి; ఆ మే నెలలోనే పెద్దనోట్లు చెల్లవనిరి. జీవితమంతయు కూడబెట్టినది ఒక్కరాత్రిలో చిత్తుకాగితమైనది. తెలుగువారు వేలకొలది ఓడలెక్కి తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపను పేట ఇప్పటికిని ఆ పేరు మోయుచున్నది. చైనీయుల వంతు 1967 జూనులో వచ్చినది. రంగూను వీధులలో వారి ఇండ్లమీద, బడులమీద దాడులు జరిగినవి. వలస వచ్చిన కుటుంబమునకు నిరంకుశత్వము రెండింతల బరువు. నేల తనది కాదు, ప్రభుత్వమును తనది కాదు.

అండమానులో నేల ఎవరిది? 1858నుండి శిక్షపడినవారు ఇచ్చటికి వచ్చిరి. విడుదలయైన ఖైదీలలో ఎందరో ఇచ్చటనే పెండ్లాడి కాపురములు పెట్టిరి. వారి బిడ్డలకు ‘లోకల్ బార్న్’ అను పేరు నిలిచినది. 1921 తిరుగుబాటు పిమ్మట మాప్పిళాలు వచ్చిరి. 1925లో బర్మానుండి కరెనులు మాయాబందరు వైపునకు వచ్చిరి. అల్లూరి సీతారామరాజు అనుచరులలో కొందరు సెల్యులార్ జైలును చూచినవారే. కూలికి, ఉద్యోగమునకు, చేపలవేటకు ఉత్తరాంధ్రమునుండి వచ్చినవారి సంగతి ఈ సభకు వేరుగా చెప్పనక్కరలేదు; 2011 జనాభా లెక్కలలో ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. ఇన్ని భాషలవారు పక్కపక్క ఇండ్లలో నివసించుచుండగా, 1942 మార్చి 23న జపాను సైన్యము పోర్టు బ్లెయిరులో దిగినది. ఎదిరించినవారు లేరు. ఆ పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడినది.

మొదటి దినములలోనే, సైనికుల ఆగడములు చూడలేక గాలితుపాకి పేల్చిన జుల్ఫికర్ అలీ అను యువకుని ప్రజలందరి ఎదుట చిత్రహింసచేసి కాల్చిచంపిరి. అప్పటినుండి పట్టణమునకు మాట తగ్గినది. 1943 జనవరిలో బ్రిటిషువారి గూఢచారి దళమొకటి జలాంతర్గామిలో వచ్చి అడవిలో రహస్యముగా దిగినది. ఓడలు మునుగుచుండెను, బాంబులు పడుచుండెను. సంగతులు శత్రువునకు ఎవరో అందించుచున్నారని జపానువారికి అనుమానము కలిగినది. దిగినవారు దొరకలేదు; దొరికినవారు ఊరివారు. గూఢచారి కేసులని పేరు పెట్టి ఒక్కొక్కరిని సెల్యులార్ జైలుకు కొనిపోయి హింసించిరి. బాధ ఓర్వలేక ఒకరు చెప్పిన పేరు, మరునాడు మరియొకరి ఇంటి తలుపు తట్టినది.

డాక్టరు దీవాన్ సింగు వృత్తిచే వైద్యుడు, పంజాబీ కవి. 1927లో ఈ దీవులకు బదిలీయై వచ్చెను. 1938లో ‘వగ్‌దే పాణీ’ అను వచనపద్యముల సంపుటి ప్రకటించెను. పారు నీరని దాని అర్థము. కాలాపానీ అను పేరును ఆయన తన కలము పేరుగా పెట్టుకొనుటలో ఒక సొగసు గలదు. ఎల్లరును భయపడు నీటిని ఆయన తన ఇంటిపేరు చేసికొనెను. 1943 అక్టోబరులో ఆయనను బంధించిరి. 82 దినములు హింసించిరి. 1944 జనవరి 14న జైలులోనే కన్నుమూసెను. ఆయన బందీగానుండగనే, 1943 డిసెంబరు 29న నేతాజీ సుభాస్ చంద్ర బోసు ఈ దీవులకు విచ్చేసి, 30న జింఖానా మైదానమున త్రివర్ణ పతాకమునెత్తిరి. ఆ సంతోషమును, జైలు గోడల వెనుకనున్న ఆర్తనాదమును ఒకే పట్టణమున, ఒకే దినమున ఉండెను. ఆ నాదము అతిథి చెవికి చేరలేదు. సరిగా నెల దినములకు, 1944 జనవరి 30న, హంఫ్రీగంజి వద్ద 44 మందిని కాల్చి పూడ్చిరి. 1945 ఆగస్టులో తిండి చాలక, పనికిరానివారని ఎంచిన కొన్ని వందలమందిని ఓడలకెక్కించి హావెలాకు తీరమున సముద్రములో దింపివేసిరి. ప్రాణములతో మిగిలినవారు అతిస్వల్పులు. ఆ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టిరి. నేడు సెలవు దినములలో పిల్లలు అచ్చట ఇసుకగూళ్ళు కట్టుచుందురు. ఆడుకొనుట తప్పు కాదు, ఆడుకొనవలసినదే.

44 అను అంకెను ఫైలు భద్రముగా ఉంచగలదు. ఆ రాత్రి ఎన్ని ఇండ్లలో కంచము పెట్టి తీసివేసిరో ఫైలు చెప్పదు. ఉజ్మా అస్లం ఖాన్ అను పాకిస్తానీ రచయిత్రి 2019లో ప్రకటించిన ఇంగ్లీషు నవల ఈ కాలమునే, ఈ దీవులలో పుట్టిన ఒక ఖైదీ బిడ్డల దృష్టినుండి చెప్పినది. నోమీ అను బాలిక పేరు దానికి పెట్టబడినది. దూరపు రచయిత్రి ఇంత దగ్గరగా చూచినందుకు కృతజ్ఞులమై యుండవలసినదే. నవల విశాలమైనది, బర్మావానిని, జపానువానిని, ఖైదీని అందరిని పిలిచి కూర్చుండబెట్టినది. అయినను ఒక్క వంటింటిని, ఒక్క గడపను చూపుటకు చిన్న కథకున్న ఓపిక వేరు.

తెలుగున అట్టి కథ ఒకటి ఎట్లుండునో ఊహించుటకు ఈ సభ అనుమతించునుగాక. ఇది జరిగినదని చెప్పుట కాదు. ఇందలి మనుష్యులు కల్పితులు.

శ్రీకాకుళము వైపునుండి వచ్చిన రెండు కుటుంబములు. గోడ ఒకటే, వాకిళ్ళు రెండు. ఒక ఇంటి యజమాని సరకుల గిడ్డంగిలో గుమాస్తా, రెండవవాడు వడ్రంగి. ఇల్లాండ్రిద్దరు ఒకరినొకరు వదినా అని పిలుచుకొందురు. చుట్టరికము లేదు, ఓడలో కలిసిన వరుస. 1943 వర్షములు వెనుకబట్టిన దినములు. బియ్యము లేదు, చిలగడదుంపయే అన్నము. గుమాస్తా ఇంట పదేండ్ల పిల్లవాడు గలడు. వానికి తల్లి నేర్పినవి మూడు. సముద్రము వైపు కిటికీలో దీపము పెట్టరాదు. ఇంటికి ఎవరు వచ్చిరని వీధిలో ఎవరడిగినను, నిద్రపోతినని చెప్పవలెను. నాన్నను ఏమియు అడుగరాదు.

మూడవది వానికి కష్టముగా తోచెను. అంతకు ముందు తండ్రి వానికి రాత్రులు లెక్కలు చెప్పుచు, మధ్యలో ఊరి ముచ్చట్లలోకి జారిపోవుచుండెడివాడు. ఇప్పుడు దీపము లేదు, లెక్కలు లేవు, ఊరును లేదు. ఒక తెల్లవారుజామున తండ్రిని తీసికొనిపోయిరి. పదునెనిమిది దినములకు తిరిగి పంపిరి. ఆయన చేతివ్రేళ్ళకు గుడ్డ చుట్టియుండెను. గుడ్డ మార్చునపుడు తల్లి పిల్లవానిని బయటకు పొమ్మనెడిది. వాడు గోడవారగా నిలిచి, లోపలినుండి ఒక్క మూలుగైన వినబడునేమోయని చెవియొగ్గెడివాడు. వినబడలేదు. నాలుగవ దినమున పక్కింటి వడ్రంగిని కొనిపోయిరి. ఆతడు తిరిగిరాలేదు.

తన భర్త విడుదలకును వడ్రంగి బంధనమునకును సంబంధము గలదో లేదో తల్లికి తెలియదు. భర్త చెప్పలేదు. ఆమె అడుగలేదు. ఒక రాత్రి ఆయన నిద్రలో ఏదో పేరు పలుకుచున్నట్లు తోచి, ఆమె లేచి పిల్లవాని చెవులు మూసినది. తాను మాత్రము విన్నది. ఏ పేరు విన్నదో కథకుడు చెప్పరాదు. ఇచ్చట చెప్పిన కథకుడు కథను చంపినవాడగును. పాఠకునకు తెలిసినను తెలియకున్నను ఆమె మరునాడు లేచి దుంపలు ఉడకవేయవలెను గదా.

వడ్రంగి భార్య కొన్నాళ్ళు తలుపు తీయలేదు. ఒక సాయంకాలము గిన్నెతో వచ్చి గుమాస్తా ఇంటి వాకిట నిలిచినది. వదినా, చిటికెడు ఉప్పున్నదా యని అడిగినది. లోపల గుమాస్తా గోడవైపు తిరిగి పండుకొనియుండెను. గొంతు విని ఆయన వీపు బిగిసినది. పిల్లవాడు తల్లి ముఖము చూచెను. సముద్రపు నీరు కాచి చేసిన ఉప్పు కొంచెము చట్టిలో ఉండెను. రెండు పూటలకు చాలునో చాలదో.

ఉప్పు చేతికి చేయి ఇచ్చిన తగవు వచ్చునని తెలుగు ఇండ్లలో ఆడవారు ఇయ్యరు. క్రింద పెట్టుదురు, అవతలివారు తీసికొందురు. బాంబులు పడిన దినములలో ఇట్టి నియమములు ఎన్నో పోయినవి. తల్లి చట్టిలోని ఉప్పు సగము చిన్న కొబ్బరిచిప్పలో పోసి, గడపదాక తెచ్చి, ఒక్కక్షణము నిలిచి, వంగి గడప ప్రక్కన నేలమీద పెట్టినది. వడ్రంగి భార్య దానివైపు చాలసేపు చూచినది. పిమ్మట వంగి తీసికొన్నది.